శుంఠి దావా

కోర్టు అమీనా షెడ్డు గొళ్ళేనికి తాళం తగిలిస్తుండగా నవత తలుపు సందులో చెయ్యి పెట్టింది.

"లోపల తడి అల్లం ఉన్నది సార్. పొద్దున్నే కోసి జాలీల మీద పరిచినం. మిషిన్ బందైతె రేపటికి బంక పడుతది."

అమీనా చేతిలోని ఉత్తర్వు కాగితంతో ఆమె మణికట్టును పక్కకు నెట్టాడు, ఈగను తోలినట్టు. ఆరబెట్టే యంత్రం, శొంఠి బస్తాలు, షెడ్డులో ఉన్న సరుకంతా జప్తు అని ఉత్తర్వులో ఉందని, అల్లం ముక్కలు కూడా సరుకేనని చెప్పాడు. అగ్గిపుల్ల గీసి లక్క కరిగించాడు. ఎర్రటి చుక్కలు తాళం మీద పడుతుంటే లోపల ఫ్యాను ఆగిపోయిన చప్పుడు వినిపించింది.

చిరాగ్‌పల్లి దాటాక హైవే పక్కనే ఉంటుంది ఆ షెడ్డు. అప్పటికే బైకులు ఆగాయి. ఫోన్లు పైకి లేచాయి. వాళ్ళలో ఒకడు పోయిన వారమే నవత దగ్గర దగ్గుకని పిడికెడు శొంఠి ఊరికే పట్టుకుపోయినవాడు. ఇప్పుడు వీడియో బాగా రావడానికి రెండడుగులు ముందుకు వచ్చాడు.

గుంపులో చురుగ్గా ఉన్నది ఒక్క ఇంద్రసేనరెడ్డి. నవత భర్తకు అన్న. అమీనాకు కూల్‌డ్రింకు తెప్పించాడు, కుర్చీ వేయించాడు, పంచనామాలో సాక్షి కావాలంటే అడగక ముందే పెన్ను తీశాడు. సంతకం చేసి నవత వైపు తిరిగి, "ఫికర్ చెయ్యకు నవతా, నేనున్న గద" అన్నాడు.

దావా వేసినవాడు మహాదేవప్ప. సరిహద్దు అవతల, బీదర్ వైపు, కషాయం పొడి తయారుచేస్తాడు. రెండు సీజన్లుగా నవత దగ్గరే శొంఠి కొంటున్నాడు. నెల కింద ఒకరోజు ఫోన్ చేసి, నీ శుంఠి కుళ్ళిపోయింది, నా గోదాము నాశనమైంది అని అరిచాడు. ఎండి కట్టెలా అయిన శొంఠి ఎక్కడైనా కుళ్ళుతుందా? నీ గోదాము కప్పు కారుతోందేమో చూసుకో అని నవత కూడా అంతే గట్టిగా అన్నది. ఒకరి నంబరు ఒకరు బ్లాక్ చేసుకున్నారు. అంతటితో అయిపోయిందని ఆమె అనుకుంది. అతను కోర్టుకు వెళ్ళాడు. పాడైన సరుకుకు నష్టపరిహారం కావాలన్నాడు. ఆమె యంత్రం అమ్ముకుని పుణె పారిపోవడానికి సిద్ధంగా ఉంది కాబట్టి ముందే జప్తు చేయాలని ఇంకో పిటిషన్ పెట్టాడు.

పుణె ముఖం నవత ఎన్నడూ చూడలేదు.

సోమవారం నాడు కోర్టుకు వచ్చి, జప్తు ఎందుకు తీసేయాలో చెప్పుకోవాలి. చెప్పుకోలేకపోతే దావా తేలేదాకా లక్క అలాగే ఉంటుంది. అల్లం సీజను ఉగాదితో సరి. దావా తేలేలోగా ఎన్ని ఉగాదులు పోతాయో ఎవరికీ తెలీదు. ఝరాసంగం రైతులు ఆమె మాట మీద అల్లం తవ్వి పెట్టారు. ఈ షెడ్డు పోతే వాళ్ళు ఇంకెప్పుడూ ఆమెకు ఒక దుంప ఇవ్వరు. ఆమె మళ్ళీ అత్తగారింట్లో బర్రెలు కడుగుతూ, ప్రతి పనికీ బావ ముఖం చూస్తూ బతకాలి. ఆ బతుకు నుంచి బయటపడటానికే షెడ్డు వేసుకుంది.

*

తనకు తెలిసిన వకీలు ఉన్నాడని ఇంద్రసేన మర్నాడు ఆమెను జహీరాబాద్ తీసుకొచ్చాడు. కోర్టు ఎదుట జిరాక్స్ షాపులో, ఫొటోకాపీ మిషన్ పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాడాయన. నోట్లో గుట్కా. ఉమ్మడానికి కాగితం గ్లాసు. నవత ఇచ్చిన దావా నకలును బల్ల మీద పెట్టుకుని, దాని మీద ఆ గ్లాసు పెట్టాడు.

"కొడ్తడా?" అని అడిగాడు.

నవతకు అర్థం కాలేదు.

"నీ మొగడు. కొడ్తడా, తాగుతడా? పిల్లలున్నరా?"

ఇంద్రసేన పకపకా నవ్వి, ఇది మనోవర్తి కేసు కాదని, శొంఠి కేసని చెప్పాడు. వకీలు ఏమీ సిగ్గుపడలేదు. ఏదైనా ఒకటేనని, రాజీ చేసుకుంటే అందరికీ సుఖమని అన్నాడు. వకాలతు కాగితం తీసి వేలితో సంతకం చోటు చూపించాడు. దాని కింద ఇంకో కాగితం పెట్టాడు. అది తెల్లకాగితం.

ఇదెందుకని నవత అడిగింది. రాజీ పత్రమని, తర్వాత రాసుకుంటామని ఆయన చెప్పి గ్లాసులో ఉమ్మాడు. గ్లాసు అడుగు నుంచి తడి కారి దావా మొదటి పేజీ మీద గోధుమరంగు చక్రం పడింది. సరిగ్గా ఆమె పేరు మీద.

ఆమె లేచింది. పెన్నుకు మూత పెట్టి, కాగితాలు లాక్కుని, చీర కొంగుతో ఆ తడి తుడుచుకుంటూ బయటికి నడిచింది. వెనకనుంచి బావ పిలుస్తున్నాడు. వకీలు తన ముఖం చూసి ఒప్పుకున్నాడని, ఇంత పొగరు పనికిరాదని అంటున్నాడు. ఆమె నేరుగా కోర్టు హాల్లోకి వెళ్ళి వెనక బెంచీలో కూర్చుంది.

అల్లం కొనేటప్పుడు దుంప విరిచి చూస్తుంది ఆమె. వకీలును ఎట్లా విరిచి చూడాలో తెలియక, మధ్యాహ్నం దాకా ఊరికే చూస్తూ కూర్చుంది. నల్లకోట్లు వస్తున్నాయి, వంగుతున్నాయి, వాయిదా అడుగుతున్నాయి, పోతున్నాయి. ఒకాయన తన కక్షిదారు పేరే మర్చిపోయి ఫైలు అట్ట మీద వెతుక్కున్నాడు. మరొకాయన లోపల జడ్జి ముందు చేతులు కట్టుకుని, బయట వరండాలో ఆ జడ్జినే బూతులు తిట్టాడు. వాళ్ళ వెనకాల కుక్కపిల్లల్లా తిరుగుతున్న మనుషులను చూస్తుంటే ఆమెకు ఇంకా రోత పుట్టింది. సోమవారం తానూ వాళ్ళలో ఒకతె.

చివరికి ఒక నడివయసు ఆవిడ లేచింది. జడ్జి ఏదో అడిగితే కాగితం చూడకుండా జవాబు చెప్పింది. వెనకనుంచి ఆమె కక్షిదారు ఏదో గొణిగాడు. ఆవిడ వెనక్కి తిరిగి, అందరికీ వినపడేలా, "అది అబద్ధం. నేను చెప్పను. కావాలంటే మీరే చెప్పుకోండి" అంది.

నవత ఆవిడ వెనకే బయటికి నడిచింది.

*

ఆవిడ పేరు కనకదుర్గ. కోస్తా మనిషి. భర్త ఇక్కడి ఫ్యాక్టరీలో ఇంజనీరు కావడంతో ఈ ఊరు వచ్చి ఇక్కడే ప్రాక్టీసు పెట్టింది. మందుల షాపు మీద ఒక గది ఆమె ఆఫీసు. ఇంద్రసేన కూడా వెంట వచ్చి, ఎవరూ చెప్పకముందే కుర్చీలో కూర్చున్నాడు. మెట్లెక్కుతూ, ఆడదాని కేసు ఆడది వాదిస్తే జడ్జి నిద్రపోతాడని ఒక మాట విసిరాడు కూడా.

"చిన్న దావాలకి నేను సాధారణంగా దొరకను," అంది కనకదుర్గ. "ఎందుకో ముందే చెబుతా. నా ఫీజూ, మీరు తిరిగే తిరుగుడూ కలిపితే ఒక్కోసారి ఓడిపోవడమే చవక. మీదీ అలాంటిదే అయితే ఆ మాటే చెప్పి పంపించేస్తాను. ముందు చదవనివ్వండి."

చదివింది. ప్రతి పేజీ చదివింది. గుట్కా మరక ఉన్న పేజీని రెండు వేళ్ళతో పట్టుకుని చదివింది. ఇంద్రసేన కాలు ఊపుతూ, సోమవారం లోపల రాజీ మాట్లాడుకుంటే బాగుంటుందని రెండుసార్లు అన్నాడు. ఆవిడ వినపడనట్టే ఉంది.

"అంతా ఇంగ్లీషే. ఈ ఒక్క మాట మాత్రం వాళ్ళ వకీలు అలాగే ఉంచేశాడు. శుంఠి. అంటే ఏవిటి?"

"శొంఠే మేడం. కన్నడోళ్ళు గట్లంటరు," అంది నవత.

"శొంఠి కుళ్ళిందంటాడా ఇతను? మా ఇంట్లో డబ్బాలో శొంఠికొమ్ము ఒకటుంది, నా పురుడు నాటిది. పురుగు పట్టిందంటే నమ్ముతాను. కుళ్ళడం ఏవిటండీ?"

నవత నోరు తెరిచేలోగా ఇంద్రసేన అందుకున్నాడు. మరదలి తరఫున మాట్లాడుతున్నానన్న దర్జా ఉంది గొంతులో.

"అండ్ల ఈమె తప్పేమున్నది మేడం. పచ్చిది గోనెసంచిల కుక్కి పెడ్తె ఉడుకుతది, నీళ్ళు కారుతది. వాడు జర జల్ది విప్పి ఆరబోసుకోవాలె గద. మాట పొరపాటైంది, అంతే. రాజీ చేసుకుంటె అయిపాయె."

కనకదుర్గ తలెత్తలేదు. పేజీ తిప్పింది. తర్వాత చాలా మామూలు గొంతుతో, వకాలతుకు స్టాంపు కావాలని, కోర్టులో బార్ అసోసియేషన్ గదిలో దొరుకుతుందని, కాస్త తెచ్చిపెట్టమని ఇంద్రసేనను అడిగింది. ఆయన మెట్లు దిగేదాకా ఆగింది.

"మీరు పంపింది ఎండుదా, పచ్చిదా?"

"ఎండుది మేడం. నా దగ్గర పచ్చిది అమ్మకమే లేదు."

"పచ్చిదని ఈ కాగితాల్లో ఎక్కడా లేదమ్మా. శుంఠి అనే ఉంది. మీరు ఎండుదే అనుకున్నారు, నేనూ అలాగే అనుకున్నాను. ఆయన ఒక్కడే పచ్చిది అన్నాడు. ఆయనకి ఎవరు చెప్పారు?"

నోరు జారి ఉంటాడని నవత అంది. అంటుండగానే ఆమెకు గుర్తొచ్చింది. ఆ సరుకు తీసుకెళ్ళింది బావ ట్రాలీ. నడిపింది బావ.

కనకదుర్గ తొందరపడలేదు. ఒక్క మాట పట్టుకుని మనిషిని దొంగను చేయకూడదంది. అవతలి కక్షిదారుకు వకీలు ఉన్నాడు కాబట్టి తాను అతనితో మాట్లాడకూడదని, నవత మాట్లాడవచ్చని చెప్పింది. ఫోన్లో కాదు, వెళ్ళి కళ్ళతో చూసి రమ్మంది. రెండు సంగతులు కనుక్కోమంది. అతనికి చేరింది ఏమిటి? బండి మాట్లాడుకుని కిరాయి ఇచ్చింది ఎవరు?

"కిరాయిదేమున్నది మేడం?"

"అదే మీ కేసు. బండి అతను మాట్లాడుకున్నదైతే, సరుకు అందులోకి ఎక్కడంతో మీ బాధ్యత తీరిపోయింది. తర్వాత దారిలో ఏం జరిగినా మీది కాదు. బండి మీరు మాట్లాడుకున్నదైతే మాత్రం నేను వాదించినా ఓడిపోతారు. అప్పుడు నిజంగానే రాజీ చేసుకోండి. మీ బావగారికి ఇప్పుడే ఏమీ చెప్పొద్దు." ఆవిడ కాగితాలు సర్దింది. "ఇందులో ఎవరు శుంఠో, ఎవరిని శుంఠ చేద్దామనుకున్నారో చూద్దాం."

*

భర్త రామ్‌కిషన్‌ను బైకు తీయమంది నవత. ఎందుకో చెప్పలేదు. అతను ఫ్యాక్టరీకి సెలవు పెట్టి వచ్చాడు.

మహాదేవప్ప ఆమెను చూసి ముందు గేటు మూయబోయాడు. తిట్టడానికి రాలేదని, చూడటానికి వచ్చానని ఆమె చెప్పింది. అతను గోదాము వెనక్కి తీసుకెళ్ళి, బస్తాల మీద కప్పిన టార్పాలిన్ తాటిపత్రి ఎత్తాడు.

వాసన ముఖానికి తడిగుడ్డతో కొట్టినట్టు తగిలింది. బస్తాలు కుంగిపోయి ఒకదానికొకటి అంటుకున్నాయి. అడుగున చిక్కటి గోధుమరంగు నీళ్ళు. ఒక బస్తా పగిలిన చోట తెల్లటి పురుగులు కదులుతున్నాయి, ఉడుకుతున్న అన్నంలా. ఆ నీళ్ళు పారి పక్కనున్న బెల్లం దిమ్మలు కూడా కరిగి నల్లగా అయ్యాయి.

"నోడమ్మా," అన్నాడు మహాదేవప్ప, చూడమన్నట్టు చెయ్యి చాపి. "ఇదు శుంఠి."

సంచుల మీద గుర్తు నవతదే. కుట్టు ఆమెది కాదు. ఆమె నూలుదారం మెలివేసి కుడుతుంది, ఇక్కడ ఉన్నది ప్లాస్టిక్ సుతిలి. ముక్కు మూసుకోకుండా వంగి చూసింది. పుల్లతో ఒక దుంప కదిపింది. అది కొమ్ము కాదు. అల్లం. పచ్చి అల్లం.

"ఇది నేను పంపలే అన్నా. నేను శొంఠి పంపిన."

"హౌదు, శుంఠి," అని అవునన్నట్టు తల ఊపాడు.

"శొంఠి. ఎండింది."

మహాదేవప్ప ఆమెను వింతగా చూశాడు. తమ దగ్గర ఎండితే ఒణ శుంఠి, పచ్చిదైతే హసి శుంఠి, రెండూ శుంఠేనని అన్నాడు. ఆ రోజు తాను ఊళ్ళో లేనని, గోదాములో మనిషి శుంఠి వచ్చిందనగానే దించుకుని తాటిపత్రి కప్పేశాడని, వాసన వచ్చేదాకా ఎవరూ విప్పలేదని చెప్పాడు. ఫోన్లో తాను అరిచింది పచ్చిదాని గురించి. ఆమె తిరిగి అరిచింది ఎండినదాని గురించి. ఒకే మాట పట్టుకుని ఇద్దరూ రెండు వేరే వస్తువుల కోసం కొట్టుకున్నారు. మధ్యలో ఒకడు రెండు మాటలూ తెలిసినవాడు నిలబడి చూశాడు.

బండి ఎవరు మాట్లాడారని ఆమె అడిగింది. తానేనన్నాడు మహాదేవప్ప. ఎప్పటిలాగే ఇంద్రసేన నంబరుకే కిరాయి పంపానన్నాడు.

"నేను పుణె పోతున్న అని నీకెవరు చెప్పిన్రు?"

"నిమ్ బావనే." అతను ఆగి, రామ్‌కిషన్ వైపు చూసి, గొంతు తగ్గించాడు. "కళ్ళల్ల నీళ్ళు పెట్కొని చెప్పిండమ్మా. మా ఇంటి కోడలు, మా నోటితోని ఎట్ల చెప్పాలె, మిషిన్ అమ్మి పోతది, నువ్వు జల్ది కేసు వెయ్యి అన్నడు. వకీల్‌ను భీ ఆయననే చూపించిండు."

రామ్‌కిషన్ గోడ పక్కకు వెళ్ళి వాంతి చేసుకున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు బైకు మీద అతను ఒక్క మాట మాట్లాడలేదు. ఆ మౌనం నవతకు నచ్చలేదు. సిగ్గుపడే మనిషి మౌనం కాదది. లెక్క చూసుకునే మనిషి మౌనం.

*

ఇంటికి చేరేసరికి ఇంద్రసేన భోజనానికి కూర్చుని ఉన్నాడు. అత్త నారమ్మ జొన్నరొట్టె వడ్డిస్తోంది. గోదాముకు వెళ్ళొచ్చిన సంగతి ఆయనకు అప్పటికే తెలిసింది. ఎలాగని నవత అడగలేదు.

సరుకు మార్చింది తాను కాదని ఆయన అనలేదు. అదే ఆమెను దిగ్భ్రాంతి పరిచింది. దారిలో శొంఠి దించి అవే సంచుల్లో పచ్చిది నింపానని, అయిందేదో అయిందని అన్నాడు. హైవే పక్క జాగాకు దాబావాళ్ళు మంచి బేరం పెట్టారని, ఉమ్మడి జాగాలో షెడ్డు వేసుకుని కూర్చుంటే ఇల్లంతా ఎట్లా బాగుపడుతుందని తమ్ముడిని అడిగాడు. నవతను అడిగితే ఒప్పుకోదని తెలిసే ఇట్లా చేశానని, కోర్టే షెడ్డు తీయిస్తే ఇంట్లో కొట్లాట ఉండదని అనుకున్నానని, ఏదో ఉపకారం చేసినవాడిలా చెప్పాడు. చెబుతూ గుత్తివంకాయ చిదిమి రొట్టెలో చుట్టుకున్నాడు. నూనె గడ్డం మీదకి కారింది.

"సోమవారం జడ్జి అడుగుతడు," అన్నాడు నములుతూ. "బండి మీద బీహార్ హమాలీ ఒకడుండె. ఊరికి పోయిండు, మల్ల రాడు. వాడే మార్చిండని చెప్పు. నీ షెడ్డు నీకొస్తది, నా ఇజ్జత్ నాకుంటది. దాబా సంగతి మల్ల చూద్దాం."

"వాని పేరేంది?" అని నవత అడిగింది.

"ఎవని పేరు?"

"హమాలీది. దొంగను చెయ్యమంటున్నవ్ గద, పేరు కావాలె."

ఇంద్రసేన నమలడం ఆపాడు. వాడి పేరు ఆయనకు తెలీదు. ఒక సీజనంతా ఆయన బస్తాలు మోసిన మనిషి. ఏదో ఒకటి చెప్పమన్నాడు. తర్వాత తల్లి వైపు తిరిగి, "ఇంకో రొట్టె ఎయ్యి" అన్నాడు.

నారమ్మ వేసింది. వేసి, నవత చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్ళింది. పెద్దోని పేరు కోర్టులో తియ్యకు బిడ్డా, నలుగురిలో ఇంటిపేరు పోతుంది, వాని బిడ్డకు సంబంధాలు చూస్తున్నరు అని గడ్డం పట్టుకుని బతిమాలింది. ఆ చేతికి వంకాయ మసాలా వాసన. కుళ్ళిన అల్లం వాసన కంటే అదే నవతకు ఎక్కువ డోకు తెప్పించింది.

రామ్‌కిషన్ గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. అన్న చేసింది తప్పేనని, కానీ హమాలీ పేరు చెబితే ఎవరికీ నష్టం లేదని మెల్లగా అన్నాడు. ఆమె అతని ముఖంలోకి చూసింది. అతను నేల వైపు చూశాడు.

*

ఆదివారం కనకదుర్గ అంతా విన్నది. హమాలీ మాట దగ్గర కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"నేను కోర్టుకి రాసిచ్చే జవాబులో, కౌంటర్లో, ఆ మాట ఉండదు. మీరు ప్రమాణం చేసి అదే చెబుతానంటే కాగితాలు ఇప్పుడే తిరిగిచ్చేస్తాను. రేపటికి ఇంకో వకీలు దొరుకుతాడు. జిరాక్స్ షాపులో ఆయన ఉండనే ఉన్నాడు."

నవత ఆయన గురించి ఆలోచించి తల అడ్డంగా ఊపింది.

అయితే వినమంది కనకదుర్గ. బండి వాది మాట్లాడుకున్నదని, సరుకు అందులోకి ఎక్కేటప్పుడు ఎండు శొంఠేనని కౌంటర్లో రాస్తుంది. మిగతాది జడ్జి అడుగుతాడు. ఆయన ఎప్పుడూ మనిషినే నేరుగా అడుగుతాడు. బండి ఎవరిదో, నడిపింది ఎవరో నవత నోటితో రావాలి. తెలియదంటే నమ్మడు. సొంత ఊరి బండి ఎవరిదో తెలియని మనిషి మిగతావన్నీ నిజం చెబుతుందని ఎందుకు నమ్మాలి? జప్తు ఖాయమవుతుంది.

"పేరు చెప్పాక మీరు ఆ ఇంట్లో ఎలా ఉంటారో నాకు తెలీదు," అంది ఆవిడ. "అది నా పని కాదు. అబద్ధం చెప్పి బాగుంటారని మాత్రం నేను చెప్పలేను."

సోమవారం పొద్దున్నే నవత షెడ్డు దగ్గర ఆగింది. లక్క చెక్కుచెదరలేదు. తలుపు కింద నుంచి సన్నగా తడి బయటికి వచ్చి మట్టిలో ఇంకుతోంది. దాని చుట్టూ ఈగలు. వాసన రోడ్డు దాకా వస్తోంది. లోపలున్నది ఝరాసంగం రైతులు ఆమె మాట నమ్మి ఇచ్చిన అల్లం.

కోర్టు హాలు నిండి ఉంది. ఇంద్రసేన ఇస్త్రీ తెల్లచొక్కాలో వెనక బెంచీలో కూర్చున్నాడు. పక్కన తల్లిని కూర్చోబెట్టుకున్నాడు, నవతకు సరిగ్గా కనపడేలా. పక్కవాళ్ళతో, మా మరదలి కేసు, మేం రాకుంటే ఎవరొస్తరు అని చెబుతున్నాడు. రామ్‌కిషన్ లోపలికి రాలేదు, బయటా ఉండలేదు. గడప మీద నిలబడ్డాడు.

కేసు పిలిచారు. మహాదేవప్ప వకీలు లేచి, ప్రతివాది మనుషులే కుళ్ళిన సరుకు తెచ్చి పడేశారని, ఆమె పారిపోయే అవకాశం ఉందని మొదలుపెట్టాడు. కనకదుర్గ లేచి రెండే మాటలు అంది. బండి మాట్లాడుకున్నది వాదే, కిరాయి ఇచ్చింది వాదే, ఆయన్నే అడగండి అంది. మహాదేవప్ప తన వకీలు ఆపేలోగా తల ఊపేశాడు. హాల్లో చిన్న నవ్వు లేచి అణిగింది.

జడ్జి వయసులో చిన్నవాడు. కాగితాలు పక్కన పెట్టి నవతను ముందుకు రమ్మన్నాడు.

"మీ షెడ్డులో ఎక్కించింది ఎండు శొంఠి. ఆయన గోదాములో దిగింది పచ్చి అల్లం. మధ్యలో ఉన్నది ఒక్క బండి. దాన్ని నడిపింది ఎవరమ్మా?"

వెనక నుంచి నారమ్మ దగ్గు వినిపించింది. అది దగ్గు కాదని నవతకు తెలుసు. ఇంద్రసేన గొంతు సవరించుకుని, హమాలీ అని చెప్పమన్నట్టు భుజం మీద బస్తా పట్టుకునే సైగ చేశాడు. చేస్తూ చిన్నగా నవ్వాడు, ఇంట్లో ఇంకో రొట్టె అడిగినంత తేలిగ్గా. ఆ నవ్వు చూశాక ఆమెకు భయం వేయలేదు. వాంతి వచ్చేలా అయింది. దాన్ని మింగడం ఇక తన వల్ల కాదనిపించింది.

"హమాలీనా?" అన్నాడు జడ్జి, ఆ సైగ గమనించి.

"కాదు సార్. హమాలీ బస్తాలు ఎక్కించి దిగిపోయిండు. వాడు బండిల పోలేదు."

"మరి ఎవరు?"

నవత వెనక్కి తిరిగి, చెయ్యి పూర్తిగా చాపి, తెల్లచొక్కాను చూపించింది.

"ఆయన సార్. మా ఆయనకు సొంత అన్న. సరుకు మార్చింది ఆయన, నా మీద కేసు ఎయ్యమన్నది ఆయన. ఇంద్రసేనరెడ్డి."